సర్ ఆర్థర్ కానన్ డాయిల్

అపరాధపరిశోధక నవలలనిన బాలురకు మిక్కుటమగు ప్రీతి. పాఠ్యపుస్తకముల నడుమ వానిని దాచుకొని చదువుచున్నారని తల్లిదండ్రులు విసుగుకొనుటయు కలదు. ఆ కథలవలన కలుగు ఆనందమెట్టిది? దానివలన ప్రయోజన మేమైన నున్నదా? ఈ ప్రశ్నలకు షెర్లాక్ హోమ్సు కథలను రచించిన కానన్ డాయిల్ జీవితమే చక్కని సమాధానము.

ఈయన 1859వ సంవత్సరము మే నెల 22వ తేదీని స్కాట్లండు దేశమునందలి ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి చిత్రకారుడే గాని మద్యపానమునకు లోబడుటచే కుటుంబము ఇక్కట్లపాలయ్యెను. తల్లి కథలు చెప్పుటయందు మిగుల నేర్పరి. కుమారునకు కథలపై మక్కువ ఆమెవలననే కలిగెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించునపుడు జోసెఫ్ బెల్ అను వైద్యుడు ఈయనకు గురువాయెను. రోగి నోరు విప్పకమునుపే వాని చేతులను, నడకను, దుస్తులను పరికించి వాని వృత్తి యెట్టిదో చెప్పుట ఆ గురువున కలవాటు. శిష్యుడు దానిని మరువలేదు.

1882లో డాయిల్ ఇంగ్లండు దక్షిణతీరమునందలి సౌత్‌సీలో వైద్యవృత్తి నారంభించెను గాని రోగులు కొలదిమందియే వచ్చుచుండిరి. తీరిక సమయములందు కథలు వ్రాయసాగెను. ఇట్టి కథలకు అమెరికా దేశమున ఎడ్గార్ ఆలన్ పో 1841లోనే దారి చూపియుండెను. డాయిల్ తన గురువును మనసున నుంచుకొని 1886లో హోమ్సు పాత్రను కల్పించి మొదటి నవల వ్రాసెను. దాని సర్వహక్కులకును లభించిన మూల్యము 25 పౌనులు మాత్రమే. 1887లో అది ప్రకటితమయ్యెను. 1891 మొదలు స్ట్రాండ్ మాసపత్రికలో చిన్నకథలు వెలువడగా ఈయన కీర్తి దేశదేశముల వ్యాపించెను. 1893లో విసుగుచెంది హోమ్సును కథలో మరణింపజేయగా పాఠకులు మిక్కిలి వగచిరి. 1903లో వానిని మరల బ్రతికింపక తప్పినది కాదు. తుదకు 4 నవలలు, 56 చిన్నకథలు వెలసినవి.

ఈ కథలలోని రుచి యేమి? హోమ్సు చూచినదానినే మిత్రుడు వాట్సను చూచును. వాట్సను చెప్పగా చదువరియు చాలవరకు చూచును. అయినను ఒక్కడే దాని యర్థమును గ్రహించును. తుదిపుటలో ఆ యర్థము తెలిసినపుడు, ఇది మన కన్నులయెదుటనే యున్నదిగదా యని ఆశ్చర్యమును, సంతోషమును ఒక్కసారిగా కలుగును. ఆ సంతోషము బుద్ధికి వ్యాయామము.

కథలోని ఈ విద్య ఒక నిరపరాధికి నిజముగా తోడ్పడెను. బొంబాయినుండి ఇంగ్లండునకు వెళ్లి, గ్రేట్ వర్లీ గ్రామమున పాదిరియైన పార్సీ క్రైస్తవుడొకడుండెను. ఆయన కుమారుడు జార్జి ఎడల్జీ న్యాయవాది. 1903లో ఆ ప్రాంతమున ఎవరో రాత్రులందు పశువులను కోసి గాయపరచుచుండగా, ఒక పొట్టిగుఱ్ఱమును గాయపరచెనని జార్జిపై నేరము మోపి ఏడు సంవత్సరముల కఠినశిక్ష విధించిరి. మూడేండ్ల పిమ్మట విడిచిరే గాని నిర్దోషియని ప్రకటింపలేదు. డాయిల్ ఆతనిని కలిసికొన నేగినపుడు ఆతడు వార్తాపత్రికను కండ్లకు మిక్కిలి దగ్గరగా పట్టి చదువుచుండెను. ఇంత మందదృష్టి గలవాడు చిమ్మచీకటిలో, వానలో, రైలుమార్గమును దాటి పొలములలో నడచి ఆ పని చేయుట యసాధ్యమని ఈయన తలచెను. సాక్ష్యములన్నింటిని శోధించి 1907 జనవరిలో పత్రికలో ప్రకటించెను. ఆ మే నెలలో ప్రభుత్వము క్షమాపణ నిచ్చెను గాని నష్టపరిహార మొక్క కాసైన నీయలేదు. జార్జి తిరిగి న్యాయవాదవృత్తిని చేపట్టగలిగెను. ఆ సంవత్సరమే ఇంగ్లండులో క్రిమినలు అప్పీళ్ల న్యాయస్థానమునకు శాసనమేర్పడుటకు ఈ వ్యవహారమును ఒక కారణమయ్యెను.

ఇట్టి మేధావియు పొరబడెను. ఇద్దరు బాలికలు తీసిన ఛాయాచిత్రములలో రెక్కలుగల చిన్ని దేవకన్యలు కనబడగా అవి నిజమని నమ్మి 1922లో ఒక గ్రంథమునే ప్రకటించెను. అవి కాగితపు బొమ్మలని ఆ బాలికలే వృద్ధులైన పిమ్మట 1983లో ఒప్పుకొనిరి. నమ్మవలెనను కోరిక ముందుగా మనసున జొచ్చినచో ఎంతటి చూపైనను మందగించునని దీనివలన తెలియుచున్నది.

ఈయన 1930వ సంవత్సరము జూలై 7వ తేదీని క్రోబరోలోని స్వగృహమున మరణించెను.

విద్యార్థులారా! ఇట్టి నవలలు చదువుడు. కాని పాఠములు ముగించిన పిదపనే చదువుడు. తుదిపుటను త్రిప్పుటకు ముందు గ్రంథమును మూసి, దోషి యెవడో, ఏ యాధారమువలన అట్లు తలచుచున్నారో మీలో మీరే విచారించుకొనుడు. తోటివానిపై ఎవరైన దొంగతనము మోపినపుడు, నలుగురితోపాటు వానిని నిందింపక ముందు, ఆ విచారణయే అచ్చటను చేయుడు.