అంతరాత్మ ప్రబోధం: పొణకా కనకమ్మగారి జీవితం

పులికాటు సరస్సు ఒడ్డున ఉన్న తడ మొదలుకొని ఉత్తరాన పెన్నానది సాగరంలో కలిసే చోటు దాటి సాగే సముద్రతీరంలో ఉప్పు ప్రజలకు కొత్త వస్తువు కాదు. బకింగ్‌హాం కాలువ మీద పడవలు ఈ తీరపు సరకులను మద్రాసు పట్టణానికి చేరవేసేవి. తడ నేడు తిరుపతి జిల్లాలో ఉన్నది. 2022 వరకు అది నెల్లూరు జిల్లాలోని భాగం. సముద్రం ఒడ్డున దానంతట అది పేరుకొన్న ఉప్పును పేదవాడు దోసిలితో తీసుకొన్నా నేరమని ఆనాటి ఆంగ్లప్రభుత్వ శాసనం. 1930 నాటికి మణుగు ఉప్పుమీద పన్ను రూపాయి నాలుగణాలు. కూలివాని గంజిలోనికి కూడ ఈ పన్ను ప్రవేశించింది.

ఆ సంవత్సరం ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు దండిలో ఉప్పు శాసనాన్ని ఉల్లంఘించాడు. దేశమంతటా చెలరేగిన ఆ ఉద్యమంలో చెరసాలకు వెళ్ళిన నెల్లూరు సీమ స్త్రీలలో అగ్రగణ్యురాలు పొణకా కనకమ్మగారు. శాంతి మార్గాన నడిచి శిక్షను స్వీకరించిన ఈమె మొదట నడచిన మార్గం శాంతి మార్గం కాదు. ఆ మార్పులోనే ఆమె జీవితంలోని విశిష్టత ఉన్నది.

కనకమ్మగారు 1892 జూన్ 10న నెల్లూరు జిల్లా మినగల్లు గ్రామంలో మరుపూరు వారి ఇంట జన్మించారు. సంపన్నమైన రైతు కుటుంబం. ఆనాటి ఆచారం ప్రకారం బాల్యంలోనే పొట్లపూడి గ్రామవాసులైన పొణకా సుబ్బరామిరెడ్డిగారితో వివాహం జరిగింది. బడికి వెళ్ళి చదువుకొనే అవకాశం ఆమెకు లభించలేదు. పెద్ద ఇంటి ఆడపడుచులకు గడపే ఎల్లగా ఉన్న కాలమది. అయినా ఆమె ఇంట కూర్చుండియే తెలుగు నేర్చుకొన్నారు. సంస్కృతం, హిందీ భాషలలో ప్రవేశం సంపాదించారు. పద్యం చెప్పగల కవయిత్రి అయినారు. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో కలిసి జంటగా రచనలు చేశారు. తనకు లేని బడి ఇతర బాలికలకు ఉండవలెనన్న కోరిక ఆమెలో ఈ కాలంలోనే నాటుకొన్నదనుకోవడం అసంగతం కాదు.

1913లో పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం ఏర్పడింది. కనకమ్మగారు దాని ద్వారా గ్రంథాలయాన్ని నడిపించారు. హరిజనవాడలకు వెళ్ళి సేవచేశారు. అంటరానివారి వాడలో అడుగుపెట్టిన రెడ్ల ఇంటి కోడలిని చూచి ఊరు ముక్కున వేలు వేసుకొనే రోజులవి. లోకం తప్పన్న పనిని మనస్సు ఒప్పని తీర్పు చెప్పినప్పుడు మనస్సునే అనుసరించడం ఆమె అక్కడ అలవరచుకొన్నారు.

వంగదేశ విభజనానంతరం వందేమాతరోద్యమం ఆంధ్రదేశాన్ని కదలించింది. 1907లో బిపినచంద్రపాలుని పర్యటన యువకులలో ఆవేశం రగిలించింది. తెల్లవారిని ఆయుధబలంతోనే తరిమివేయవలెనని నమ్మిన రహస్యసంఘాలు దేశంలో పలుచోట్ల వెలిశాయి. కనకమ్మగారి సానుభూతి కూడ తొలుత అటువైపే మొగ్గింది. విప్లవకారులకు ఆమె చేయూత ఇచ్చారు. వారి రహస్య కార్యకలాపాలకు అనువుగా ఉంటుందని పెన్న ఒడ్డున పల్లెపాడులో 13 ఎకరాల భూమిని సంపాదించారు.

ఇంతలో గాంధీజీ సత్యాగ్రహ సిద్ధాంతం ఆంధ్రదేశానికి చేరింది. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగారు నెల్లూరు ప్రాంతంలో ఆ మార్గానికి ప్రచారకులైనారు. కనకమ్మగారు తన పూర్వవిశ్వాసాన్ని పునర్విచారణకు పెట్టుకొన్నారు. శత్రువును చంపి సాధించే స్వాతంత్ర్యమా, తాను కష్టపడి సాధించే స్వాతంత్ర్యమా అన్న ప్రశ్న ఆనాడు ఆలోచించే ప్రతి దేశభక్తుని ఎదుటా నిలిచింది. ఆమె రెండవదానిని వరించారు. రహస్య కార్యకలాపాలకని కొన్న ఆ 13 ఎకరాలనే సత్యాగ్రహాశ్రమానికి దానమిచ్చారు.

1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా పల్లెపాడు వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. దక్షిణాఫ్రికాలో ఆయనకు సహచరుడైన పారశీ రుస్తుంజీ ఆశ్రమభవనానికి 10,000 రూపాయలు విరాళమిచ్చాడు. రహస్యానికై ఎన్నుకొన్న చోట రాట్నాలు తిరిగాయి, ఖద్దరు నేత సాగింది, కులభేదం లేని పంక్తిభోజనాలు జరిగాయి. ఒకే నేల, ఒకే దాత, మారినది మనస్సు. హనుమంతరావుగారు మరణించినా ఆశ్రమం ఆగలేదు.

ఈ మార్పును పిరికితనమని ఎవరైనా శంకిస్తే ఆ శంకకు సమాధానం ఆమె చెరసాల జీవితమే. రహస్యోద్యమంలో ఉన్నవాడు తప్పించుకొనడానికి ప్రయత్నిస్తాడు. అది అతని ధర్మం. సత్యాగ్రహి తన పేరు, ఊరు తానే చెప్పి, చేసిన పనిని ఒప్పుకొని, శిక్షకు చేయి చాపుతాడు. శాసనాన్ని కాదనడం, ఆ కాదనినందుకు శిక్షను కాదనకపోవడం, ఈ రెండూ కలిస్తేనే సత్యాగ్రహం. అంతరాత్మను అడ్డుపెట్టుకొని కష్టం నుండి తొలగిపోయేవాడికి, అంతరాత్మ కొరకు కష్టాన్ని స్వీకరించేవాడికి మధ్యగల భేదం ఇక్కడనే తెలుస్తుంది.

శాసనోల్లంఘనోద్యమంలో పాల్గొన్న కనకమ్మగారు రాయవేలూరు స్త్రీల చెరసాలలో శిక్ష అనుభవించారు. ఆనాడు ఖైదీలను ఎ, బి, సి అని మూడు తరగతులుగా విభజించేవారు. ఒకే ఉద్యమంలో ఒకే నేరానికి వచ్చినవారికి కూడ హోదానుబట్టి వేరువేరు తిండి, వేరువేరు పడక. బయట కులభేదాన్ని నిరసించి వచ్చినవారికి లోపల ఈ తరగతిభేదం ఎదురైంది. ఇక మీదట ఉద్యమంలో పాల్గొనమని క్షమాపణ వ్రాసి ఇస్తే విడుదల పొందే అవకాశం సత్యాగ్రహులకు ఉండేది. తాళంచెవి ఖైదీ చేతిలోనే ఉన్నట్లు కనిపించే ఆ ఏర్పాటే అన్నిటికంటె కఠినమైన పరీక్ష. ఇంట బిడ్డలను, వృద్ధులను విడిచి వచ్చిన స్త్రీలకు అది మరింత కఠినం.

ఈ పరీక్షకు నిలిచిన ఆంధ్రస్త్రీలు మరికొందరున్నారు. 1922లోనే ద్రాక్షారామానికి చెందిన దువ్వూరి సుబ్బమ్మగారు రాజమహేంద్రవరం జైలులో ఒక సంవత్సరం శిక్ష అనుభవించారు. దుర్గాబాయిగారు రాయవేలూరు, మధుర జైళ్ళలో కాలం గడిపి, అక్కడ చదువురాని స్త్రీఖైదీల దైన్యం చూచి, వారికి తోడ్పడడానికే న్యాయశాస్త్రం అభ్యసించవలెనని నిశ్చయించుకొన్నారు. చెరసాల వీరికి కేవలం నిర్బంధస్థలం కాలేదు. తమ కర్తవ్యమేమో తెలియజెప్పిన పాఠశాల అయింది. 1931 మార్చి 5న కుదిరిన గాంధీ–ఇర్విన్ ఒడంబడిక ప్రకారం విడుదలైనది హింసాచర్య ఆరోపణ లేని ఖైదీలే. ఆయుధం పట్టినవారు లోపలనే ఉండిపోయారు. పల్లెపాడు భూమి తన మొదటి ఉద్దేశానికే మిగిలి ఉంటే కనకమ్మగారి కథ ఎటు పోయేదో ఊహించవచ్చును.

కనకమ్మగారి కర్తవ్యం అంతకుముందే నిర్ణయమై ఉన్నది. 1923లోనే ఆమె నెల్లూరులో బాలికల కొరకు శ్రీ కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. కస్తూర్బా పేర వెలసిన ఆ విద్యాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. చదువుతోపాటు నూలు వడకడం, కుట్టుపని వంటి చేతిపనులు నేర్పి, బాలిక తన కాళ్ళమీద తాను నిలబడేటట్లు చేయడం ఆమె ఆశయం. బడి మొగం చూడని స్త్రీ బడి కట్టించడంలో గొప్ప ఉన్నది. ఉద్యమాలు, శిక్షలు, ధనలోపం నడుమ దానిని మూతపడనీయక నిలబెట్టడంలో అంతకంటె గొప్ప ఉన్నది.

రైతుల గోడును కూడ ఆమె మరువలేదు. వెంకటగిరి జమీందారీ రైతులు పన్నుల బరువుతో, అధికారుల జులుంతో అల్లాడుతున్న కాలంలో వారి పక్షాన నిలిచిన జమీన్ రైతు వారపత్రికకు ఆమె అండగా నిలిచారు. తానే భూవసతిగల ఇంటి గృహిణి. అయినా న్యాయం భూమిలేనివాని వైపున, కౌలుదారు వైపున ఉన్నదని తోచినప్పుడు తన వర్గపు మాటకంటె మనస్సు మాటనే విన్నారు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు శాసనంతో జమీందారీ వ్యవస్థ అంతరించింది.

శిక్షలను చిరునవ్వుతో భరించిన ఆ తల్లికి విధి అంతకంటె కఠినమైన శిక్ష విధించింది. ఏకైక పుత్రిక వెంకటసుబ్బమ్మ యౌవనంలోనే కన్నుమూసింది. ఆ దుఃఖంలో కనకమ్మగారికి రమణ మహర్షి సన్నిధి ఊరట ఇచ్చింది. అరుణాచలానికి వెళ్ళి మౌనంలో శాంతిని వెదకినా ఆమె లోకానికి దూరం కాలేదు. విద్యాలయం బాలికలలో ఆమె తన బిడ్డను చూచుకొన్నారు. సన్న్యాసం స్వీకరించని సన్న్యాసినిగా, ఉన్న ఆస్తి కరిగిపోతున్నా చేయి ముడువక, 1963 సెప్టెంబరు 15న తనువు చాలించేవరకు సేవలోనే గడిపారు. ఆమె వ్రాసుకొన్న స్వీయచరిత్ర కనకపుష్యరాగం అనే పేరుతో 2011లో వెలువడింది. అర్ధశతాబ్ది తరువాత ఆమె గొంతు మళ్ళీ తెలుగువారికి వినిపించింది.

శాంతి అనేది కలహం లేని స్థితి మాత్రమే అనుకొంటే చెరసాలకు వెళ్ళవలసిన అవసరం కనకమ్మగారికి లేదు. కలిగిన ఇంట ఆమెకు ఆ శాంతి పుష్కలంగా ఉన్నది. అన్యాయంతో రాజీపడనిది, అన్యాయం చేసినవానిని ద్వేషించనిది అయిన శాంతిని ఆమె కోరుకొన్నారు. దానికి వెల చెల్లించవలసి వచ్చినప్పుడు ఆ వెలను ఎదుటివానివద్ద వసూలు చేయక తానే చెల్లించారు. పాఠశాలలో స్వాతంత్ర్యోద్యమ చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు దండిని గురించి చెప్పినప్పుడు పల్లెపాడును గురించి కూడ చెప్పవచ్చును. ఒకే 13 ఎకరాల నేల మొదట దేనికై కొనబడినది, తరువాత దేనికై ఇవ్వబడినది అన్న ఒక్క ప్రశ్న వేస్తే చాలును. మిగిలిన పాఠం విద్యార్థులే చెప్పుకొంటారు.