స్వరశిల్పి సాలూరి రాజేశ్వరరావు

విజయనగరమునకు ఉత్తరముగా, తూర్పు కనుమల చెంత సాలూరు అను పట్టణము కలదు. దానికి చేరువనున్న శివరామపురమను పల్లెలో 1922వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన రాజేశ్వరరావు జన్మించెను. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు; పాటలు రచించుటయందును నేర్పరి. అన్న హనుమంతరావు కూడ తరువాతి కాలమున సంగీత దర్శకుడయ్యెను. ఇంటిలో నిత్యము లయ వినుచు పెరిగిన ఆ బాలునకు మాటతోబాటు పాటయు అబ్బెను.

చిన్ననాటనే ఆయన కంఠము గ్రామఫోను రికార్డులకెక్కెను. 1935లో వేల్ పిక్చర్సు వారి శ్రీకృష్ణలీలలు అను చిత్రమున శ్రీకృష్ణుని పాత్ర ఆయనకు లభించెను. కంసుడుగా నటించినవాడు సుప్రసిద్ధ నటుడు వేమూరి గగ్గయ్య. ఆ దినములలో తెరవెనుక వేరొకరు పాడు పద్ధతి లేదు. నటించువాడే పాడవలసి యుండెను. ఆ బాలుని పాట ప్రేక్షకులను ముగ్ధులను గావించెను. మరుసటి యేడు మాయాబజారు చిత్రమున ఆయన అభిమన్యుడయ్యెను.

పదునాలుగేండ్లకే అంతటి పేరు వచ్చినవాడు దానితోనే తృప్తి చెందుట సహజము. కాని బాల్యపు గొంతు చిరకాలము నిలుచునది కాదు. చిత్రములలో నటించుటకై కలకత్తా వెళ్లినప్పుడు రాజేశ్వరరావు నటుడుగా మాత్రమే యుండక, విద్యార్థి అయ్యెను. నాడు కలకత్తాలో న్యూ థియేటర్సు సంస్థ చిత్రసంగీతమునకు పుట్టినిల్లు. అచట సుప్రసిద్ధ గాయకుడు సైగల్ వద్ద ఆయన హిందుస్థానీ సంగీతమభ్యసించెను. ఆర్.సి. బొరాల్, పంకజ్ మల్లిక్ అను సంగీత దర్శకులు అనేక వాద్యములను ఒక్క పాటలో ఎట్లు పొదుగుచుండిరో శ్రద్ధతో గమనించెను.

ఆనాటి తెలుగు చిత్రములలోని పాటలు చాలవరకు నాటకరంగమునుండి వచ్చినవే. హార్మోనియము, తబలా మొదలగు కొలది వాద్యములే వాటికి తోడు. పాటకు బాణీ కట్టుట ఒక విద్య. దానికి వాద్యములను కూర్చుట మరియొక విద్య. గాయకుడు విరమించినప్పుడు వేణువు పలుకవలెనా, సితారు పలుకవలెనా. ఎచట పది వాద్యములు మ్రోగవలెను, ఎచట అన్నియు ఊరకుండవలెను. ఇవన్నియు ముందుగా యోచింపవలసిన విషయములు. ఒక్కొక్క వాద్యము శక్తి యెంతో తెలియనివానికి ఈ కూర్పు సాధ్యము కాదు. కావున రాజేశ్వరరావు హార్మోనియముతో తృప్తిపడక సితారు, సుర్బహారు, మాండలిను, పియానో మున్నగువానిని స్వయముగా సాధన చేసెను.

1938లో ఆయన నేడు చెన్నై అనబడు మదరాసునకు తిరిగివచ్చి, సహాయ సంగీత దర్శకుడుగా పనిచేసెను. మరుసటి యేడు జయప్రద అను చిత్రమునకు స్వతంత్రముగా సంగీతము కూర్చునప్పటికి ఆయన వయస్సు పదునేడేండ్లకు మించదు. రావు బాలసరస్వతితో కలిసి పాడిన లలితగీతముల రికార్డులు ఇంటింట మ్రోగెను. పిమ్మట జెమినీ స్టూడియోలో చేరి బాలనాగమ్మ మొదలగు చిత్రములకు పనిచేసెను. 1948లో వెలువడిన చంద్రలేఖకు ఎం.డి. పార్థసారథి ఆయనకు తోడయ్యెను. కర్ణాటక, హిందుస్థానీ, పాశ్చాత్య రీతులు మూడును ఆ చిత్రసంగీతమున కలిసినవి. పెద్ద పెద్ద నగారాలపై నర్తకులాడిన నృత్యము దేశమంతటను ప్రసిద్ధి చెందెను.

1951లో బి.ఎన్. రెడ్డి నిర్మించిన మల్లీశ్వరి ఆయన కీర్తికి శిఖరము. కథ శ్రీకృష్ణదేవరాయల కాలమునాటిది. సంగీతము ఆ పురాతన కాలమును స్ఫురింపజేయవలెను. నేటి చెవికిని ఇంపుగా నుండవలెను. ఈ కఠినకార్యమును ఆయన ఒంటరిగా సాధింపలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు వ్రాసెను. అద్దేపల్లి రామారావు వాద్యసమ్మేళనమున సహకరించెను. భానుమతి, ఘంటసాల పాడిరి. ఒకరి ప్రజ్ఞ మరియొకరి ప్రజ్ఞను మరుగుపరుపలేదు, ప్రకాశింపజేసెను.

ఆ పిమ్మట విప్రనారాయణ, మిస్సమ్మ, చెంచులక్ష్మి, భీష్మ మొదలగు చిత్రములు ఆయన స్వరములతో వెలసినవి. 1957 నాటి మాయాబజారు విషయము ప్రత్యేకముగా తెలిసికొనదగినది. రాజేశ్వరరావు దానిలోని నాలుగు పాటలకు బాణీలు కట్టి, ఆ చిత్రమునుండి విరమించెను. తరువాత వచ్చిన ఘంటసాల ఆ బాణీలను త్రోసివేయలేదు. వాటికి వాద్యములు కూర్చి, రికార్డు చేయించి, తక్కిన పాటలను తాను స్వరపరచెను. చిత్రమున సంగీత దర్శకుడుగా ఘంటసాల పేరే కానవచ్చును. అయినను ఆ నాలుగు పాటలు రాజేశ్వరరావువని సంగీతప్రియులు నేటికిని చెప్పుకొనుచున్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆయనను కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. కుమారులలో కోటి తండ్రి వృత్తినే చేపట్టి ప్రసిద్ధుడయ్యెను. 1999 అక్టోబరులో రాజేశ్వరరావు కన్నుమూసెను.

పుట్టుకతో వచ్చిన కంఠము ఆయనకు తొలికీర్తినొసగెను. ఆ కీర్తి చేతికందిన పిదప కూడ శిష్యుడై కూర్చుండి నేర్చిన విద్యయే ఆయన పాటను చిరస్థాయి గావించెను.