దిక్కులేనివారికి దిక్కైన ఫాదర్ డేమియన్

రోగము దేహమును బాధించును. లోకులు రోగిని వెలివేసినచో ఆ బాధ కుటుంబమంతటికిని ప్రాకును. భర్తనుండి భార్యయు, తల్లినుండి బిడ్డయు వేరగుదురు. సంపాదించు చేయి పడిపోయిన యింట దారిద్ర్యము కాపురముండును. మన పల్లెలలో పెద్దరోగమని పిలువబడిన కుష్ఠువ్యాధి తరతరములుగా చేసిన కీడు ఇదియే. ఆ వ్యాధికి మందు లేని కాలమున, వెలివేయబడినవారి నడుమ దాదాపు 16 సంవత్సరములు నివసించి, వారిలో ఒకడై మరణించిన మహనీయుడు ఫాదర్ డేమియన్.

ఆయన 1840వ సంవత్సరము జనవరి 3వ తేదీన బెల్జియము దేశమున ట్రెమెలో అను గ్రామమందు జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్. ఎనమండుగురు సంతానములో ఏడవవాడైన ఈ బాలుని వ్యాపారమున ప్రవేశపెట్టవలెనని తండ్రి తలంచెను. కాని అతడు అన్నను అనుసరించి 1859లో క్రైస్తవ సన్న్యాసుల మఠమున చేరి డేమియన్ అను పేరు గైకొనెను. 1863లో ఆ యన్న హవాయి దీవులకు పోవలసియుండగా జబ్బుపడెను. తమ్ముడు అతనికి బదులుగా అనుమతి పొంది ఓడ యెక్కి, 1864 మార్చి 19వ తేదీన హొనొలులు రేవున దిగెను.

అప్పుడు హవాయి స్వతంత్ర రాజ్యము. విదేశీయుల రాకతో ప్రబలిన వ్యాధులకు అచ్చటి ప్రజలు వేలకొలది బలియైరి. కుష్ఠువును అరికట్టుటకై ప్రభుత్వము 1865లో శాసనము చేసి, మరుసటి యేడు మొదలుకొని రోగులను మొలొకై దీవికి పంపసాగెను. ఆ స్థలమునకు మూడువైపుల సముద్రము; నాల్గవవైపున సుమారు 2,000 అడుగుల నిట్టనిలువు కొండ. రోగులు తామే పంటలు పండించుకొని బ్రతుకుదురని ప్రభుత్వము తలంచెను. వ్రేళ్ళు పోయినవారు పార పట్టుట యెట్లు? తగిన ఇండ్లు లేవు, స్థిరముగా నుండు వైద్యుడు లేడు, త్రాగునీరు దూరము. బలవంతులు బలహీనుల కూటిని లాగుకొనుచుండిరి.

1873 మే 10వ తేదీన, 33వ యేట, డేమియన్ అచ్చట అడుగుపెట్టెను. ఉండుటకు ఇల్లు లేక మొగలిజాతి చెట్టు క్రింద నిద్రించెను. రోగిని తాకరాదను కట్టుబాటును ఆయన పాటింపలేదు. పుండ్లు కడిగి కట్లు కట్టెను. వారితో కూర్చుండి భుజించెను. వారిని వెంటబెట్టుకొని గొట్టములు వేసి ఊరికి నీరు తెచ్చెను. కలప తెప్పించి ఇండ్లు కట్టెను. మరణించినవారికి పేటికలు తానే చేసి, గోతులు త్రవ్వి, మనుష్యులకు తగిన అంత్యక్రియలు జరిపెను.

ఆయన మనస్సును మిక్కిలి కలచివేసినది పిల్లల దుస్థితి. తల్లిదండ్రులు చనిపోయినవారును, ఇంటినుండి ఒంటరిగా పంపబడినవారును దుర్మార్గుల చేతజిక్కి చాకిరి చేయుచు, వ్యాధి ముదిరినపుడు బయటికి త్రోయబడుచుండిరి. డేమియన్ బాలురకును బాలికలకును వేర్వేరు గృహములు కట్టి, కడుపునిండ అన్నము పెట్టి, పనిపాటలు నేర్పించెను. వాద్యములు నేర్చిన పిల్లలు ఆ దుఃఖపు నేలమీద సంగీతము వినిపించిరి. 1884లో రాణి కపియొలాని ఆ దీవికి వచ్చి రోగుల బాధలను కన్నులార చూచెను. రోగుల బిడ్డలలో ఆరోగ్యముగా నున్న బాలికలకై మరుసటి యేడు హొనొలులులో ఆమె పేర ఒక ఆశ్రయము తెరువబడెను.

డేమియన్ పట్టుదల గలవాడు. కలపకును, బట్టలకును, మందులకును అధికారులను పదేపదే అడిగి కొందరికి కంటగింపయ్యెను. 1884 డిసెంబరులో వేడినీటిలో కాలు పెట్టగా చర్మము కాలినను నొప్పి తెలియలేదు. మరుసటి యేడు వైద్యులు ఆ వ్యాధియేయని నిర్ధారించిరి. అయినను ఆయన పని మానలేదు. 1888 నవంబరులో వచ్చిన మదర్ మరియానె మొదలగు సేవికలకు పిల్లల భారమొప్పగించి, 1889 ఏప్రిల్ 15వ తేదీన, 49 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను. మొదట నిద్రించిన చెట్టు క్రిందనే ఆయనను సమాధి చేసిరి. 1936లో ఆ దేహమును స్వదేశమునకు కొనిపోయిరి. 2009లో రోమను కథోలిక సంఘము ఆయనను పునీతునిగా ప్రకటించెను.

ఆయన స్మారకముగా ఇంగ్లాండున ఏర్పడిన నిధి ఈ వ్యాధిని పరిశీలించుటకై 1890లో భారతదేశమునకు ఒక వైద్యసంఘమును పంపెను. తెలుగునాట నిజామాబాదు చెంతనున్న డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ స్థాపించిన ఆసుపత్రియు వేలమందికి ఆశ్రయమయ్యెను.

డేమియన్ మొలొకై చేరిన 1873లోనే నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధిక్రిమిని కనుగొనెను. గుణమిచ్చు మందు దొరకుటకు మరి 70 ఏండ్లు పట్టెను. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా నిచ్చు మందులతో ఇది పూర్తిగా నయమగుచున్నది. అయినను మన దేశమున 2019 వరకు కుష్ఠువు విడాకులకు కారణముగా చట్టములలో నిలిచియుండెను. మందు వచ్చినంత త్వరగా మనస్సు మారలేదనుటకు ఇది చాలును.

కావున సోదర సోదరీమణులారా, ఒంటిమీద స్పర్శ లేని మచ్చ కనబడినచో దాచక ఆసుపత్రికి పోవుడు. అట్టి యింటి బిడ్డను బడికి దూరము చేయకుడు. ఆ గడపకు రాకపోకలు మానకుడు. మందులేని రోజులలో డేమియన్ ఈయగలిగినది తోడు మాత్రమే. మందున్న ఈ రోజులలో ఆ తోడు మన మీయలేమా?