పీజీ పక్కన పెట్టి యుద్ధానికి వెళ్లిన డాక్టర్

తాడేపల్లిగూడెం నిట్‌లో మీ ఫ్రెండ్ ఎవరైనా చదువుతుంటే, అక్కడి పాత రన్‌వే ఫొటో ఒకటైనా మీకు పంపే ఉంటాడు. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే అది. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే జపాన్ సైన్యం చేతిలో గాయపడ్డ చైనా సైనికులకు ఆ రోజుల్లో మన దేశపు కుర్ర సర్జన్ ఒకాయన ఆపరేషన్లు చేస్తున్నాడు. పేరు ద్వారకానాథ్ కోట్నిస్.

1910లో షోలాపూర్‌లో పుట్టాడు. మనవాళ్లు, ముఖ్యంగా తెలుగు పద్మశాలీలు, పెద్దసంఖ్యలో స్థిరపడ్డ ఊరే అది. బొంబాయిలో వైద్యం చదివి పీజీకి సిద్ధమవుతుండగా, చైనాకి డాక్టర్లు కావాలని కాంగ్రెస్ పిలుపు వచ్చింది. 1938 సెప్టెంబరులో ఐదుగురు ఓడెక్కారు. కోట్నిస్‌కి అప్పటికి 28 కూడా నిండలేదు. మీ వయసు, నా వయసు పక్కన పెట్టి చూసుకోండి!

చైనాలో ఉండగానే తండ్రి పోయారన్న కబురొచ్చింది. అయినా వెనక్కి రాలేదు. జట్టులో ముగ్గురు కొద్దికాలానికే ఇంటిముఖం పట్టినా ఆయన ఉండిపోయాడు. చైనీస్ నేర్చుకున్నాడు, ఆ భాషలోనే పాఠాలు చెప్పాడు. ఒకసారి 72 గంటలు నిద్రలేకుండా ఆపరేషన్లు చేశాడంటారు. 1941లో, 30 ఏళ్లకే, బెథూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి డైరెక్టర్ అయ్యాడు. అక్కడి నర్సు గువో చింగ్‌లాన్‌ని పెళ్లి చేసుకున్నాడు. కొడుకు పేరు యిన్‌హువా: యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా.

నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి సంగతే. బాబుకి నాలుగు నెలలైనా నిండకుండా, 1942 డిసెంబరు 9న, మూర్ఛ వ్యాధితో కోట్నిస్ చనిపోయాడు. 32 ఏళ్లు. పెద్దయ్యాక ఆ కొడుకూ పాతికేళ్లకే పోయాడు.

షిజియాజువాంగ్ నగరంలోని అమరవీరుల స్మారక పార్కులో ఆయన సమాధి, విగ్రహం ఉన్నాయి. కెనడా డాక్టర్ నార్మన్ బెథూన్ సమాధీ అక్కడే. 1962లో మనకీ చైనాకీ యుద్ధం జరిగింది. అయినా 1982లో చైనా కోట్నిస్ పేరిట తపాలా బిళ్లలు వేసింది. మన తపాలా శాఖ వేసింది 1993లో. షోలాపూర్ మీదుగా వెళ్తే ఆయన పుట్టిన ఇల్లు చూసి రండి, ఇప్పుడది మ్యూజియం.