కవయిత్రి ఫిలిస్ వీట్లీ

అమెరికా సాహిత్యాన్ని అధ్యయనం చేసే మన విద్యార్థులు సాధారణంగా ఎమర్సన్, హాథార్న్, విట్మన్ మొదలైన వారితో ఆ చదువును ప్రారంభిస్తారు. వారికి పూర్వం గడచిన వలస కాలాన్ని కేవలం ఒక పీఠికగా భావించి, రెండు మూడు పుటలలో ముగించడం పరిపాటి అయింది. అడవులను నరికి ఊళ్ళు కట్టుకొంటున్న ప్రజలకు సాహిత్యం ఎక్కడిదన్న భావమే ఇందుకు కారణం కావచ్చు. కాని ఆ పీఠికలోనే కొన్ని అపూర్వమైన జీవితాలు దాగి ఉన్నాయి. వాటిలో ఒక దానిని మన పాఠకుల ముందుంచాలని మా సంకల్పం. ఆమె పేరు ఫిలిస్ వీట్లీ. ఆంగ్లంలో కవితా సంపుటిని ప్రకటించిన తొలి నల్లజాతి స్త్రీ ఆమె. ఆ గ్రంథం వెలువడిన నాటికి ఆమె వయస్సు ఇరవై దాటి ఉండదు. అప్పటికి ఆమె బానిస.

ఆమె పశ్చిమ ఆఫ్రికాలో సుమారు 1753లో జన్మించింది. కన్న ఊరు ఏదో, తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో చరిత్రకు అందలేదు. 1761 జులైలో బానిసలను మోసుకొని వచ్చిన ఒక ఓడ బోస్టన్ రేవు చేరింది. ఆఫ్రికా తీరాన ఆ ఓడలోకి ఎక్కించిన 96 మందిలో బ్రతికి ఒడ్డు చేరినవారు 75 మంది మాత్రమే. వారిలో బక్కచిక్కిన ఒక చిన్న పిల్ల ఉన్నది. ముందు పళ్ళు ఊడి ఉండడం చూసి ఆమెకు ఏడెనిమిది ఏండ్లు ఉంటాయని అంచనా వేశారు. జాన్ వీట్లీ అనే సంపన్న వ్యాపారి తన భార్య సుసానాకు పరిచారికగా ఆమెను కొన్నాడు. ఆమెను తెచ్చిన ఓడ పేరు ఫిలిస్. ఆ పేరే ఆమెకు పెట్టారు. ఇంటి పేరు యజమానిది. ఈ విధంగా, లోకం ఆమెను ఎరిగిన పేరులో ఒక సగం ఓడది, మరొక సగం ఆమెను కొన్నవారిది. ఆమెకు తన దేశాన్ని గురించి మిగిలిన జ్ఞాపకం ఒక్కటేనని, తల్లి ప్రతి ఉదయం ఉదయించే సూర్యుని ఎదుట నీళ్ళు ధారపోసే దృశ్యమే అదని, వీట్లీల బంధువర్గానికి చెందిన ఒక స్త్రీ 1834లో వ్రాసిన జీవితకథ తెలుపుతున్నది.

పిల్ల గోడమీద బొగ్గుతో అక్షరాలు దిద్దుతూ ఉండగా ఇంటివారి కంటబడిందని కూడా ఆ జీవితకథలోనే ఉన్నది. యజమాని కుమార్తె మేరీ ఆమెకు చదువు చెప్పింది. పదహారు నెలలు గడిచేసరికి ఆ పిల్ల బైబిలులోని కఠినమైన భాగాలను సైతం తడబడకుండా చదవగలిగేదని యజమాని స్వయంగా వ్రాసి ఉంచాడు. అటుపిమ్మట ఆమె లాటిన్ అభ్యసించింది. అలెగ్జాండర్ పోప్ ఆంగ్లీకరించిన హోమర్ కావ్యాలను, మిల్టన్‌ను చదివింది. ఆనాటి బోస్టన్‌లో సంపన్నుల ఇండ్లలోని ఆడపిల్లలకే ఇంతటి విద్య అరుదు. అయితే ఇక్కడ ఒక విషయం మరువరాదు. వీట్లీ కుటుంబం ఆమె పట్ల చూపిన ఆదరణ యథార్థమే. అది ఒక సొత్తు పట్ల యజమాని చూపిన ఆదరణ అన్నదీ అంతే యథార్థం. ఈ రెండింటిలో ఒకదానిని చెప్పి మరొక దానిని దాచినవారు ఆమె కథను సగమే చెప్పినవారవుతారు.

1767 డిసెంబరులో న్యూపోర్ట్ మెర్క్యురీ అనే పత్రికలో ఆమె పద్యం తొలిసారిగా అచ్చయింది. సముద్రంలో తుపానుకు చిక్కి ప్రాణాలతో బయటపడిన ఇద్దరు వ్యక్తులను గురించి వ్రాసిన పద్యమది. 1770లో జార్జి వైట్‌ఫీల్డ్ అనే సుప్రసిద్ధ మత ప్రబోధకుడు మరణించినప్పుడు ఆమె రచించిన స్మృతి పద్యం బోస్టన్‌లోనే గాక లండన్‌లోనూ అచ్చయి, ఆమె పేరును సముద్రానికి ఇరువైపులా వ్యాపింపజేసింది. 1772లో 28 పద్యాలతో ఒక సంపుటిని ప్రకటించడానికి చందాదారులు కావాలని బోస్టన్ పత్రికలో ప్రకటన వెలువడింది. తగినంత మంది ముందుకు రాలేదు. ఒక బానిస పిల్ల ఇట్టి పద్యాలు వ్రాయగలదని నమ్మడానికి చాలామందికి మనసొప్పలేదు.

ఈ సందర్భంలోనే సాహిత్య చరిత్రలో విచిత్రమైన పత్రం ఒకటి పుట్టింది. ఈ పద్యాలను ఈమెయే వ్రాసినదని మేము నమ్ముచున్నాము అనే భావంతో బోస్టన్‌లోని పద్దెనిమిది మంది ప్రముఖులు 1772 అక్టోబరులో ఒక ధ్రువపత్రం ఇచ్చారు. వారిలో రాష్ట్ర గవర్నరు థామస్ హచిన్సన్ ఉన్నాడు. తరువాత స్వాతంత్ర్య ప్రకటనపై మొదటి సంతకం చేసిన జాన్ హాన్‌కాక్ ఉన్నాడు. మతాచార్యులు ఉన్నారు. చివరకు ఆమె యజమాని కూడా ఉన్నాడు. ఈ పెద్దలందరూ ఒకే సభలో కూర్చుండి ఆమెను ప్రశ్నించి పరీక్షించారన్న కథ బహుళ ప్రచారంలో ఉన్నది. అటువంటి సభ జరిగినట్లు ఆ కాలపు ఆధారం ఏదీ దొరకలేదు. సంతకాలు మాత్రం నిజం. అవి గ్రంథం ఆరంభంలోనే అచ్చయ్యాయి.

ఇటువంటి అనుమానం వలస సాహిత్యంలో ఇదే మొదటిది కాదు. 1650లో అనీ బ్రాడ్‌స్ట్రీట్ పద్యాలు లండన్‌లో అచ్చయినప్పుడు, ఇవి నిజంగా ఒక స్త్రీ వ్రాసినవేనని ఆమె మరిది వరుసైన బంధువు పీఠికలో పాఠకులకు హామీ ఇవ్వవలసి వచ్చింది. గవర్నరు కుమార్తెకు ఒక బంధువు మాట సరిపోయింది. నూట ఇరవై ఏండ్లు గడచిన పిదప ఒక బానిస స్త్రీకి పద్దెనిమిది మంది సాక్షులు కావలసి వచ్చారు. ఇతర కవుల గ్రంథాన్ని తెరిచిన పాఠకుడు, పద్యం ఎట్లా ఉన్నదని అడుగుతాడు. ఈమె గ్రంథాన్ని తెరిచినవాడు మొదట, ఇది నీదేనా అని అడిగాడు. ఫిలిస్ వీట్లీ జీవితమంతా ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరంలోనే గడిచిందని మా అభిప్రాయం.

1773 వేసవిలో ఆమె యజమాని కుమారునితో కలిసి లండన్ వెళ్ళింది. అక్కడ ఆమెకు లభించిన ఆదరణ అసాధారణమైనది. హంటింగ్‌డన్ ప్రభ్వి ఆమె గ్రంథానికి పోషకురాలు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆమెను చూడవచ్చాడు. బానిసల పక్షాన పోరాడిన గ్రాన్‌విల్ షార్ప్ ఆమెను లండన్ కోటకు తీసుకొనిపోయి చూపించాడు. ఇంగ్లండులో అడుగుపెట్టిన బానిసను బలవంతంగా తిరిగి వలస రాజ్యాలకు తరలించరాదని అంతకు ముందు సంవత్సరం, అంటే 1772లో, ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ తీర్పు ఇచ్చి ఉన్నాడు. ఆమె కోరుకొన్నట్లయితే అక్కడే నిలిచిపోయి ఉండవచ్చును. కాని సుసానా వీట్లీ జబ్బుపడిన వార్త విని, గ్రంథం వెలువడక ముందే ఆమె బోస్టన్ బయలుదేరింది. సెప్టెంబరులో గ్రంథం లండన్‌లో ప్రకటితమైంది. ఇంగ్లండులోని మిత్రుల కోరికపై యజమాని తనకు విముక్తి పత్రం ఇచ్చినట్లు అదే అక్టోబరులో ఆమె ఒక ఉత్తరంలో తెలియజేసింది. ఆ పత్రానికి నకలు ఒకటి లండన్‌కు పంపి భద్రపరచుకొన్నది. అదే ఉత్తరంలో, ఇకపై తన జీవనానికి పుస్తకాల అమ్మకమే ఆధారమని, అమ్మకంలో సగం తనదని, ఎవరూ దొంగతనంగా అచ్చు వేయకుండా చూడవలసిందని కోరింది. స్వేచ్ఛ పొందిన మొదటి నెలలలోనే ఆమె తన గ్రంథంపై తన హక్కును ఎంత స్పష్టంగా ఎరిగి ఉన్నదో ఈ ఉత్తరం వలన తెలుస్తున్నది.

ఇక ఆమె కవిత్వం సంగతి. పోప్ తీర్చిదిద్దిన అంత్యప్రాసల ద్విపదయే ఆమెకు ప్రియమైన ఛందస్సు. నియమబద్ధమైన నడక, పురాణ పాత్రల ప్రస్తావన, స్తోత్రం, విలాపం, ఇవి ఆ కాలపు అభిరుచికి తగిన లక్షణాలు. పైపైన చూచినవారికి ఆమె అనుకర్తగానే కనిపిస్తుంది. నెమ్మదిగా చదివినవారికి మరొకటి గోచరిస్తుంది. గ్రంథంలోని మొదటి పద్యం మేసెనస్ అనే రోమను పోషకునికి అంకితం. అందులో ఆమె టెరెన్స్ అనే లాటిన్ నాటకకర్తను తలచి, అతడు ఆఫ్రికాలో పుట్టినవాడని పాదసూచికలో తెలిపింది. ఆఫ్రికా జాతిలో అతని ఒక్కనికే కవితాదేవతలు ఈ వరం ఎందుకిచ్చారని ప్రశ్నించింది. అతడు కూడా ఒకప్పుడు బానిసయే. మరొక దీర్ఘ పద్యంలో నయోబీ కథను ఎన్నుకొన్నది. కన్నబిడ్డలందరినీ ఒక్కనాడు పోగొట్టుకొన్న తల్లి కథ అది. డార్ట్‌మత్ ప్రభువును ఉద్దేశించిన పద్యంలో, తనకు స్వాతంత్ర్యంపై ఇంత మక్కువ ఎక్కడిదో వివరిస్తూ, పసితనంలో తనను ఎత్తుకొనిపోయినప్పుడు తన తండ్రి గుండె ఎంత తల్లడిల్లి ఉంటుందోనని దుఃఖించింది.

ఆఫ్రికా నుండి అమెరికాకు తేబడుటను గురించి ఆమె వ్రాసిన ఎనిమిది పాదాల చిన్న పద్యం ఎక్కువ వివాదానికి గురి అయింది. తనను ఇక్కడికి తెచ్చింది దైవకృపయేనని అందులో పలికినందుకు తరువాతి తరాల నల్లజాతి విమర్శకులు పలువురు ఆమెను నిందించారు. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. కాని పద్యం అక్కడ ఆగలేదు. నల్లని వర్ణాన్ని అసహ్యించుకొనే క్రైస్తవులను పేరుపెట్టి పిలిచి, మోక్షానికి అర్హతలో మీకూ మాకూ భేదం లేదని గుర్తుచేయడంతో అది ముగుస్తుంది. యజమాని ఇంట కూర్చుండి, యజమాని మతభాషలోనే యజమానిని మందలించడం సామాన్యమైన విషయం కాదు. విముక్తి పొందిన తరువాత ఆమె గొంతు మరింత స్పష్టమైంది. 1774 ఫిబ్రవరిలో మొహీగన్ తెగకు చెందిన మతబోధకుడు సామ్సన్ ఆకమ్‌కు ఒక ఉత్తరం వ్రాస్తూ, స్వేచ్ఛాకాంక్షను దేవుడు ప్రతి మానవ హృదయంలోనూ నాటాడని, స్వేచ్ఛ కోసం కేకలు వేస్తూనే ఇతరులను అణచిపెట్టేవారి మాటకూ చేతకూ పొత్తు లేదని ఆమె నిర్మొహమాటంగా తెలిపింది. ఆ ఉత్తరం మరుసటి నెలలో పత్రికలలో అచ్చయింది.

1775లో యుద్ధం ఆరంభమైనది. ఆమె జార్జి వాషింగ్టన్‌ను కీర్తిస్తూ పద్యం వ్రాసి పంపింది. 1776 ఫిబ్రవరిలో ఆయన మర్యాదపూర్వకమైన జవాబు వ్రాసి, తన శిబిరానికి రావలసిందిగా ఆహ్వానించాడు. దేశమంతటికీ స్వాతంత్ర్యం వస్తే తన జాతికీ రాకపోదని ఆమె ఆశించి ఉండవచ్చు. కాని ఆ యుద్ధమే ఆమె ఆధారాలను కూల్చింది. సుసానా 1774లోనే కన్నుమూసింది. జాన్ వీట్లీ, ఆయన కుమార్తె మేరీ 1778లో గతించారు. అదే సంవత్సరం ఆమె జాన్ పీటర్స్ అనే స్వతంత్రుడైన నల్లజాతీయుని వివాహమాడింది. పద్యాలు కొనే పోషకులు చెదరిపోయారు. 1779లో 33 పద్యాలు, 13 ఉత్తరాలతో రెండవ సంపుటిని ప్రకటించడానికి ఆమె మరల చందాదారులను కోరింది. ఆ గ్రంథాన్ని ఫ్రాంక్లిన్‌కు అంకితం ఇవ్వ సంకల్పించింది. ఈసారీ చందాదారులు రాలేదు. పెద్దల సంతకాలు ఆమె కర్తృత్వాన్ని రుజువు చేయగలిగాయి గాని, ఆమె పొయ్యి వెలిగించలేకపోయాయి.

పీటర్స్ అప్పులపాలయ్యాడు. పూర్వపు చరిత్రకారులు అతనిని సోమరిగా, గర్విష్ఠిగా చిత్రించారు. ఇటీవలి పరిశోధకులు ఆనాటి కోర్టు కాగితాలను పరిశీలించి, ఒక నల్లజాతీయుడు ఆస్తి నిలుపుకోవడానికి చేసిన కష్టమైన పెనుగులాటగా అతని జీవితాన్ని చూస్తున్నారు. 1784 డిసెంబరు 5న ఫిలిస్ బోస్టన్‌లో మరణించింది. అప్పటికి ఆమెకు ముప్పై ఒక్క ఏండ్లు. మరుసటి ఫిబ్రవరిలో పీటర్స్ ఒక పత్రికా ప్రకటన ఇచ్చాడు. తన భార్య వ్రాతప్రతిని ఎరువు తీసుకొన్నవారు దయచేసి తిరిగి ఇవ్వవలసిందని దాని సారాంశం. ఆ వ్రాతప్రతి నేటికీ దొరకలేదు.

ఆమె మరణించిన మరుసటి సంవత్సరమే థామస్ జెఫర్సన్ వర్జీనియాను గురించిన తన గ్రంథాన్ని అచ్చు వేయించాడు. మానవులందరూ సమానులని స్వాతంత్ర్య ప్రకటనలో వ్రాసిన ఆ మహాశయుడే, ఈమె పద్యాలు విమర్శకు కూడా తగనివని తోసిపుచ్చాడు. దానికి సమాధానం చెప్పినవారూ ఉన్నారు. 1792లో గిల్బర్ట్ ఇమ్లే, 1808లో ఫ్రాన్సుకు చెందిన మతాచార్యుడు గ్రెగ్వార్ ఆమె పద్యాలను చూపి జెఫర్సన్ వాదాన్ని ఖండించారు. అయినను ఇక్కడ కూడా జరిగింది ఒక వ్యాజ్యమే. ఒక పక్షం ఆమెను నల్లజాతి మేధస్సుకు సాక్ష్యంగా చూపింది. రెండవ పక్షం ఆ సాక్ష్యం చెల్లదన్నది. పద్యాన్ని పద్యంగా చదివినవారు తక్కువ. 2003లో బోస్టన్ నగరంలో ఆమె శిల్పాన్ని అబిగెయిల్ ఆడమ్స్, లూసీ స్టోన్ శిల్పాల సరసన ప్రతిష్ఠించారు. చదవడమనే బాకీ మాత్రం పాఠకుల మీదనే మిగిలి ఉన్నది.

ఇంటిలో ఒక భాష, తరగతిలో మరొక భాష, పరీక్షలో వేరొక భాషగా చదువుకొనే మన విద్యార్థులకు ఈమె జీవితం దూరమైనది కాదు. తల్లి ఒడిలో నేర్వని భాషలో వ్రాసినవారిని లోకం త్వరగా అనుమానిస్తుంది. ఆ అనుమానాన్ని తీర్చడంలోనే కాలం వెళ్ళబుచ్చితే వ్రాయడానికి వ్యవధి ఉండదు. ఫిలిస్ తనను అనుమానించినవారికి వాదంతో బదులు చెప్పలేదు. మరొక పద్యం వ్రాసింది, దానికి చందాదారులను వెదికింది, అమ్మకంలో తన సగాన్ని అడిగింది. ఆమె గ్రంథం నేడు సులభంగా లభిస్తున్నది. విద్యార్థులు దానిని తెరిచినప్పుడు, ఆరంభంలోని ఆ పద్దెనిమిది సంతకాలను దాటి నేరుగా మొదటి పద్యానికి వెళ్ళవలసిందని మా మనవి. సాక్షులను తరువాత చూడవచ్చును.