బడి తెలుగును మార్చిన పర్లాకిమిడి మాస్టారు

పర్లాకిమిడి: వచ్చితిని, పోయెదను అని ఇంట్లో ఎవరూ అనరు. వందేళ్ల కిందట బడి పిల్లలు మాత్రం అలాగే రాయాలి. నోట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు. ఈ పద్ధతి మారాలని పట్టుబట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన మాస్టారే.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండో ఏట తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామ ఇంట ఉండి చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు సహాధ్యాయి. 1880లో 30 రూపాయల జీతానికి పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చేరారు. పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా బీఏ ప్యాసయ్యారు.

ఊరి చుట్టుపక్కల కొండల్లో సవరలున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో చెప్పే బడి లేదు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు నడిపారు. కొండల్లో తిరగ్గా మలేరియా పట్టుకుంది. మందుగా వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. మాట కోసమే బతికిన మనిషికి మాట వినపడకుండా పోయింది. పని మాత్రం ఆగలేదు.

సవర పిల్లలకు ఇంటి భాషలో చదువు కావాలంటే తెలుగు పిల్లలకు అక్కర్లేదా? 1907లో ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ.యేట్స్‌కూ ఈ అనుమానమే వచ్చింది. యేట్స్, గురజాడ, పి.టి.శ్రీనివాస అయ్యంగారు, గిడుగు ఒక్కటయ్యారు. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు ఎదురు నిలిచారు.

1911లో ఉద్యోగం నుంచి తప్పుకున్న గిడుగు ఊరూరా సభలు పెట్టారు. గ్రాంథికం రాక వద్దంటున్నారన్న మాటకు తావివ్వలేదు. గ్రాంథికమే ఒప్పన్న వారి రాతల్లోనే తప్పులు ఏరి చూపించారు. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టారు. అది ఏడాదికే ఆగింది.

ఇంతలో హద్దులు మారాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. ఊరు అటు పోకూడదని గిడుగు గట్టిగా వాదించారు. ఫలితం లేకపోయింది. 72 ఏళ్ల వయసులో, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు విడిచి రాజమండ్రి చేరారు. అయినా సవర మీద పని వదల్లేదు. 1931లో వచ్చిన సవర వ్యాకరణానికి తోడుగా 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు వచ్చింది.

1940 జనవరిలో, చివరి రోజుల్లోనూ పత్రికల వాళ్లను వాడుక భాషలో రాయమని కోరారు. ఆ నెల 22న మద్రాసులో కన్నుమూశారు. తరువాత పత్రికలు ఒక్కొక్కటే మారాయి. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

ఇంటి భాషలోనే చదువు మొదలవ్వాలన్నది ఆయన మాట. అది తెలుగు పిల్లలకు ఎంత అవసరమో సవర పిల్లలకూ అంతే అవసరమని నమ్మారు. హద్దుకు ఇటున్నా అటున్నా గుర్తుంచుకోవాల్సింది ఈ న్యాయాన్నే.