కొత్త లోకపు మనుషుల పక్షాన – లాస్ కాసాస్ జీవితం

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని మీద దిగుతున్నప్పుడు మా హాస్టల్ హాలులో టీవీ ముందు అందరం కూర్చుని చూశాం. ఆ రాత్రి లైట్లు తీసేశాక కూడా మా మాటలు ఆగలేదు. రేపు ఏదో ఒక గ్రహం మీద మనలాంటి వారే కనిపిస్తే, వారు ఎవరి జోలికీ పోని వారైతే, మనం వారితో ఎలా మెలుగుతాం? స్నేహం చేస్తామని కొందరం అన్నాం. వాళ్ళ దగ్గర ఏముందో ముందు చూస్తామని కొందరం అన్నాం. మరునాడు సాంఘిక శాస్త్రం మాస్టారి దగ్గరకు వెళ్ళి అడిగాం. అది ఊహించుకోవలసిన పని లేదని, ఒకసారి జరిగిపోయిందని, లాస్ కాసాస్ గురించి చదవమని ఆయన చెప్పారు. చదివి తెలుసుకున్న సంగతులను ఈ వార్షికోత్సవ సంచికలో సాటి విద్యార్థులతో పంచుకుంటున్నాం.

బార్తొలొమే ద లాస్ కాసాస్ స్పెయిన్ దేశంలోని సెవిల్ నగరంలో 1484లో జన్మించారు. తండ్రి పేద్రో వ్యాపారి. ఆయనకు దాదాపు ఎనిమిదేళ్ళ వయసులో, 1492 అక్టోబరు 12న, కొలంబస్ ఓడలు అట్లాంటిక్ మహాసముద్రం దాటి ఒక దీవికి చేరాయి. అక్కడ ఎదురైన వారు టైనో ప్రజలు. చిలుకలను, నూలు ఉండలను తెచ్చి ఇచ్చి గాజుపూసలు పుచ్చుకున్నారు. ఇనుము ఎరుగని వారు కావడంతో, కత్తి చూపిస్తే అంచు పట్టుకుని చేతులు కోసుకున్నారు. అటువంటి వారిని చూసి కొలంబస్‌కు తోచిందేమిటంటే, వీరు మంచి సేవకులవుతారని, యాభై మంది ఉంటే వీరందరినీ లొంగదీయవచ్చని. అప్పటికి వారిని చూసి మూడు రోజులు కూడా నిండలేదు.

టైనోలు ఏమీ తెలియని అడవి మనుషులు కారు. మట్టి గుట్టలు పోసి కర్రపెండలం పండించేవారు. ఆ దుంపలోని విషాన్ని తురిమి, పిండి తీసేసి రొట్టెలు కాల్చుకునేవారు. పెద్ద పెద్ద పడవల్లో దీవి నుంచి దీవికి తిరిగేవారు. ఉయ్యాల పడకల్లో నిద్రించేవారు, బంతి ఆటకు ప్రత్యేకంగా మైదానాలు కట్టుకున్నారు. మన గోదావరి జిల్లాల్లో సగ్గుబియ్యం చేసేది ఆ కర్రపెండలంతోనే. పండుగనాడు మెస్సులో పాయసం తాగేటప్పుడు ఆ దుంప పుట్టిల్లు ఎక్కడో మాలో ఎవరికీ తెలియదు.

1493లో కొలంబస్ తిరిగి వచ్చినప్పుడు వెంట తెచ్చిన టైనోలను బాలుడైన లాస్ కాసాస్ సెవిల్ వీధుల్లో చూశారు. అదే ఏడాది తండ్రి రెండో యాత్రలో వెళ్ళి, 1498లో ఒక టైనో కుర్రవాణ్ణి బానిసగా తెచ్చి కొడుక్కి ఇచ్చారు. ఇసబెల్లా రాణి ఆజ్ఞ ఇవ్వడంతో 1500లో అతణ్ణి వెనక్కి పంపవలసి వచ్చింది.

1502లో లాస్ కాసాస్ తానే హిస్పానియోలా దీవికి వెళ్ళారు. నేటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్ దేశాలున్న దీవి అది. అక్కడ స్థిరపడిన స్పెయిన్ వారికి పొలాలు పంచినట్టే మనుషులను పంచేవారు. ఒక్కొక్కరికి ఇంతమంది టైనోలని అప్పగిస్తే, వారి చేత గనుల్లోనూ పొలాల్లోనూ చాకిరీ చేయించుకుని, బదులుగా మతబోధ చేయాలి. ఈ పద్ధతికి ఎంకొమియెండా అని పేరు. లాస్ కాసాస్ కూడా అటువంటి వాటా పుచ్చుకున్నారు. మతగురువు అయ్యాక కూడా దానిని వదలలేదు. 1511 డిసెంబరులో మోంతెసినోస్ అనే సన్యాసి చర్చిలో నిలబడి, ఈ ప్రజలు మనుషులు కారా అని అందరి ముఖం మీదే అడిగారు. పెద్దలు మండిపడ్డారు. లాస్ కాసాస్ మనసు అప్పటికి మారలేదు.

1513లో క్యూబా ఆక్రమణకు వెళ్ళిన సైన్యంతో ఆయన మతగురువుగా నడిచారు. కావోనావో అనే ఊళ్ళో జనం రొట్టెలు, చేపలు తెచ్చి పెట్టి, గుర్రాలను వింతగా చూస్తూ కూర్చున్నారు. ఒక సైనికుడు ఉన్నట్టుండి కత్తి దూశాడు. మిగిలినవారూ దూశారు. ఆడవారని, పిల్లలని చూడలేదు. ఇదంతా లాస్ కాసాస్ కళ్ళారా చూశారు. ఆపబోయారు గాని ఆగలేదు. అయినా ఆ తరువాత క్యూబాలో మనుషులను పంచినప్పుడు తన వాటా తాను తీసుకున్నారు. ఇక్కడ మేము పుస్తకం మూసి చాలాసేపు వాదించుకున్నాం. మాలో కొందరికి ఆయన మీద గౌరవం పోయింది.

1514లో పండుగ ప్రసంగం కోసం బైబిల్ తిరగేస్తుండగా, పేదల సొమ్ము లాక్కుని దేవునికి అర్పించడం తప్పన్న మాటలు ఆయనకు తగిలాయి. కొన్ని రోజులు తిండి, నిద్ర సరిగా లేకుండా ఆలోచించారట. ఆగస్టు 15న ప్రసంగంలో తన వాటా మనుషులను వదిలేస్తున్నానని అందరి ముందూ ప్రకటించారు. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పై ఏళ్ళు. మిగిలిన యాభై రెండేళ్ళ జీవితం ఆ ఒక్క పనికే ఖర్చయింది.

1515లో స్పెయిన్ వెళ్ళి రాజును కలిశారు. 1516లో ఆయనకు ఇండియనుల సంరక్షకుడు అనే పదవి ఇచ్చారు. ఈ రోజుల్లోనే ఒక ఘోరమైన పొరపాటు కూడా చేశారు. దీవుల ప్రజల బరువు తగ్గించడానికి ఆఫ్రికా బానిసలను తెప్పించవచ్చని సలహా ఇచ్చారు. ఒకరి మెడ మీది కాడి ఇంకొకరి మెడ మీద పెట్టమనడమే కదా. ఆఫ్రికా వారిని ఎంత అన్యాయంగా పట్టి తెస్తున్నారో తెలిశాక, ఆ సలహాకు పశ్చాత్తాపపడుతూ తన చరిత్ర గ్రంథంలో రాసుకున్నారు. అప్పటికి ఓడలు తిరుగుతూనే ఉన్నాయి.

1514 లెక్కల్లో హిస్పానియోలాలో పంచడానికి మిగిలిన టైనోలు దాదాపు 26 వేల మంది. కొలంబస్ రాకకు ముందు ఎన్ని లక్షల మంది ఉండేవారో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. చాకిరీ, ఆకలి, కత్తి సగం పని చేస్తే, 1518 చివర వచ్చిన మశూచి మిగిలింది చేసింది. వారు పూర్తిగా అంతరించారని చాలాకాలం పుస్తకాల్లో రాశారు గాని, ప్యూర్టోరికోలో, క్యూబాలో మేము టైనోలమే అని చెప్పుకునే వారు నేటికీ ఉన్నారు.

లాస్ కాసాస్ తరువాత డొమినికన్ సన్యాసి అయ్యారు. 1537లో గ్వాటెమాలాలో సైనికులు అడుగు పెట్టలేని ప్రాంతంలోకి ఆయుధాలు లేకుండా మాటలతోనే వెళ్ళే ప్రయత్నం మొదలుపెట్టారు. 1542లో ఆయన పోరాటం వల్లే బానిసత్వాన్ని నిషేధిస్తూ కొత్త చట్టాలు వచ్చాయి. వలసవాసులు తిరగబడ్డారు, పెరూలో రాజప్రతినిధినే చంపేశారు. 1545లోనే ముఖ్యమైన నిబంధనను రాజు వెనక్కి తీసుకున్నారు. మెక్సికోలోని చియాపాస్‌కు బిషప్పుగా వెళ్ళిన లాస్ కాసాస్, బానిసలను వదలని వారికి పాపక్షమాపణ ఇవ్వవద్దన్నారు. ఊరంతా శత్రువైంది. 1547 నాటికి స్పెయిన్ తిరిగి వచ్చేశారు.

1550లో వల్లదోలిద్ నగరంలో పండితుల సభ జరిగింది. యుద్ధం చేసి ఆ ప్రజలను లొంగదీయడం న్యాయమా కాదా అన్నది అక్కడి ప్రశ్న. సెపూల్వెదా అనే పండితుడు, కొందరు పుట్టుకతోనే సేవకులని అరిస్టాటిల్ గ్రంథాల ఆధారంతో వాదించాడు. ఆయన సముద్రం దాటి ఆ ప్రజలను ఒక్కసారైనా చూసినవాడు కాదు. లాస్ కాసాస్ తన వాదనను ఐదు రోజులపాటు చదివి వినిపించారు. వారి ఊళ్ళు, పాలన, పంటలు, కళలు ఒక్కొక్కటిగా చెప్పి, లోకంలోని జాతులన్నీ మనుషులేనన్నారు. మరుసటి ఏడాది మళ్ళీ సభ జరిగినా న్యాయమూర్తులు ఉమ్మడి తీర్పు ఇవ్వలేదు. ఎవరి గురించి ఆ విచారణ జరిగిందో వారిలో ఒక్కరూ ఆ సభలో లేరు.

ఈ భాగం చదివేటప్పుడు మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. పుట్టుకతోనే ఒకడు సేవకుడని గ్రంథం చూపించి రుజువు చేసే వాదన మాకు స్పెయిన్ నుంచి రానక్కరలేదు. మా తాతలు తమ ఊళ్ళలోనే విన్నారు.

లాస్ కాసాస్ 1566 జులైలో మాడ్రిడ్‌లో కన్నుమూశారు. తన పెద్ద చరిత్ర గ్రంథాన్ని తాను పోయాక నలభై ఏళ్ళ వరకు అచ్చు వేయవద్దని చెప్పారు. అది 1875లో గాని అచ్చు కాలేదు. కొలంబస్ రాసుకున్న మొదటి యాత్ర దినచర్య అసలు ప్రతి పోయింది. చిలుకలు తెచ్చినవారి సంగతి, కత్తి అంచు పట్టుకున్నవారి సంగతి ఈనాడు మనకు తెలుస్తున్నాయంటే, ఆ దినచర్యలోని విషయాలను లాస్ కాసాస్ స్వయంగా చేత్తో రాసి పెట్టుకున్న ప్రతి మిగిలినందువల్లనే.